డి.ఎన్.ఏ. తర్కవలయాలు – కంది విత్తనం: నియంత్రణ చరిత్రపై ఒక పరిశీలన

సారాంశం:
డి.ఎన్.ఏ. అణువులతో లెక్కలు చేయించిన చరిత్రను 1994 నాటి అడిల్మన్ ప్రయోగంతో మొదలుపెట్టి, అమెరికా ప్రయోగశాలల చుట్టూ చెప్పడం పరిపాటి. ఈ చరిత్రలో ‘గణన’ పాయకు దక్కినంత శ్రద్ధ ‘నియంత్రణ’ పాయకు దక్కలేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో రూపొందిన కంది సంకర విత్తన వ్యవస్థ, 1998లో అమెరికాలో మంజూరైన అంతక విత్తన పేటెంటు, వికారాబాద్ జిల్లా యాలాల్ రైతు ఉత్పత్తిదారుల సంస్థ దరఖాస్తుతో తాండూరు కందికి లభించిన భౌగోళిక సూచిక అనే మూడు ఘట్టాలను ఈ రెండో పాయలో ఉంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: డి.ఎన్.ఏ. గణన, తర్కవలయం, పురుష వంధ్యత్వం, సంకర విత్తనం, ఇక్రిశాట్, తాండూరు కంది, యాలాల్, భౌగోళిక సూచిక.

1. ప్రవేశిక

‘వలయం’ అనే మాటకు తెలుగులో విద్యుత్ శాస్త్రం ఒక నిర్దిష్టమైన అర్థాన్ని స్థిరపరచింది. తీగల గుండా విద్యుత్తు ప్రవహించి తిరిగి మొదటికి చేరే మార్గం వలయం. ఆ మార్గంలో ప్రవాహాన్ని ఆపేది, వదిలేది మీట. డి.ఎన్.ఏ. వలయంలో తీగ ఉండదు, విద్యుత్తు ఉండదు. ద్రవంలో తేలుతున్న ఒక అణువు తగినంత పరిమాణంలో ఉంటే అది ‘ఒకటి’, లేకపోతే ‘సున్న’. ఒక అణువు వచ్చి మరొక అణువును బంధం నుంచి విడిపించడమే ఇక్కడ సంకేతం ప్రయాణించడం. ‘ఇదీ ఉండి, అదీ ఉంటే’, ‘ఇది ఉండి, అది లేకపోతే’ వంటి షరతులను ఇలాంటి అణువులతో అమలుచేసే ఏర్పాటును ఈ వ్యాసంలో ‘తర్కవలయం’ అని వ్యవహరించడం జరిగింది.

అణుజీవశాస్త్రం గురించి తెలుగులో రాసినవారిలో ఒక కంప్యూటర్ శాస్త్రవేత్త ఉండటం ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినది. అమెరికాలో కంప్యూటర్ శాస్త్రం బోధించిన వేమూరి వేంకటేశ్వరరావు ‘జీవరహస్యం’ పేరుతో ఆ విషయాలను తెలుగు పాఠకులకు అందించారు. జీవకణాన్ని సమాచారం నిల్వచేసి అమలుపరిచే వ్యవస్థగా చూసే దృష్టి తెలుగుకు పూర్తిగా కొత్తది కాదనడానికి ఇదొక నిదర్శనం. అయినా డి.ఎన్.ఏ. గణన గురించి ప్రస్తావన వచ్చినప్పుడు అది ఎక్కడో దూరాన, గాజునాళికల్లో జరిగే వింతగానే మిగిలిపోతున్నది.

తాండూరు పరిసరాల నల్లరేగడిలో పండే కంది ఈ దూరాన్ని తగ్గిస్తుంది. కందిపువ్వులో పుప్పొడి ఏర్పడాలా వద్దా అనే నిర్ణయాన్ని రెండు డి.ఎన్.ఏ. అంశాల కలయికకు అప్పగించిన విత్తన వ్యవస్థ ఒకటి తాండూరుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో తయారైంది. దాన్ని తయారుచేసినవారు ‘వలయం’ అనే మాట వాడలేదు. పంట ప్రజననశాస్త్ర పరిభాషలోనే మాట్లాడారు. వారు చేసిన పనిని తర్కవలయాల చరిత్రలో భాగంగా చదివితే ఏం తెలుస్తుందన్నది ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న. అందుకు ముందుగా గాజునాళిక చరిత్రను కొంత చూడవలసి ఉంది.

2. పరీక్షనాళికలో గణన

1994 నవంబరు 11 నాటి ‘సైన్స్’ పత్రికలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లియొనార్డ్ అడిల్మన్ ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. నేటి రహస్యలిపి పద్ధతుల్లో ప్రసిద్ధమైన ఆర్.ఎస్.ఏ. పేరులోని ‘ఏ’ ఈయనదే. ఆయన తీసుకున్నది దారుల లెక్క. ఏడు ఊళ్ళు, వాటి మధ్య పద్నాలుగు ఒంటివైపు దారులు ఉన్నాయి. ఒక ఊళ్ళో బయలుదేరి, ప్రతి ఊరినీ సరిగ్గా ఒక్కసారే దాటి, నిర్ణీతమైన చివరి ఊరికి చేరే దారి ఉందా? తాండూరు, యాలాల్, బషీరాబాద్, పెద్దేముల్, కొడంగల్, పరిగి, వికారాబాద్ అని ఏడు పేర్లు రాసుకొని, వాటి మధ్య బాణాలు గీసుకుంటే ప్రశ్న స్పష్టమవుతుంది.

అడిల్మన్ ఒక్కొక్క ఊరికి ఇరవై క్షారాలున్న ఒక డి.ఎన్.ఏ. పేటను కేటాయించారు. ఒక ఊరి పేటలోని చివరి పది అక్షరాలు, తర్వాతి ఊరి పేటలోని మొదటి పది అక్షరాలు కలిపితే ఆ రెండు ఊళ్ళ మధ్య దారి. ఊరి పేటకు పూరకమైన పేట రెండు దారులను పక్కపక్కన పట్టి ఉంచే బద్దలా పనిచేస్తుంది. అన్నింటినీ ఒకే నాళికలో కలిపితే కోట్లాది అణువులు ఒకేసారి జతకట్టి సాధ్యమైన దారులన్నీ తయారవుతాయి. ఆ తర్వాతిది ఏరివేత. సరైన చోట మొదలై ముగిసినవాటిని పెంచడం, ఏడు ఊళ్ళ పొడవున్నవాటిని వేరుచేయడం, ప్రతి ఊరూ ఉన్నదీ లేనిదీ అయస్కాంత పూసలతో ఒక్కొక్కటిగా పరీక్షించడం. జతకట్టడం త్వరగానే ముగిసింది. ఏరివేతతో కలిపి మొత్తం ప్రయోగానికి వారం రోజుల ప్రయోగశాల పని పట్టింది.

ఈ పద్ధతికి హద్దు త్వరలోనే తెలిసింది. ఊళ్ళ సంఖ్య ఏడు నుంచి రెండు వందలకు పెరిగితే కావలసిన డి.ఎన్.ఏ. బరువు భూమి బరువును మించుతుందని 1995లో యూరిస్ హార్ట్‌మానిస్ లెక్కగట్టారు. దాంతో సిలికాన్ కంప్యూటరుతో పోటీపడాలన్న ఆశ సన్నగిల్లి, దృష్టి మరోవైపు మళ్ళింది. అతివేగంగా లెక్కించే యంత్రం కాకపోయినా, అణువుల లోకంలోనే ఉండి, అక్కడి పరిస్థితిని గ్రహించి, అక్కడే ప్రతిస్పందించే యంత్రం కావాలనుకున్నారు. గణన నుంచి నియంత్రణకు జరిగిన ఈ మళ్ళింపును చరిత్రకారులు మరింత గట్టిగా గుర్తించవలసి ఉంది.

ఈ మళ్ళింపుకు పునాది 2000లో బెర్నార్డ్ యర్క్, ఆయన సహచరులు చేసిన ‘పట్టకారు’ ప్రయోగం. రెండు పేటలు జతగా ఉన్న అణువులో ఒక పేట చివర కొన్ని క్షారాలను జతలేకుండా వదిలేస్తారు. కొత్తగా వచ్చిన పేట ఆ చివరను పట్టుకొని కాలూనుకుంటుంది. ఆపై ఒక్కొక్క క్షారంగా ముందుకు జరిగి పాత పేటను తోసేసి దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఆ ‘కాలూత’ పొడవును కొన్ని క్షారాల మేర పెంచితే చర్యావేగం పది లక్షల రెట్ల దాకా మారుతుంది. వలయ నిర్మాతకు దొరికిన అసలైన మీట ఇదే. బయటపడ్డ పాత పేట ఇంకొక అణువు దగ్గర కొత్త పేటగా కాలూనగలదు. అందువల్ల ఒక చర్య ఫలితం మరొక చర్యకు ఆరంభమవుతుంది. 2006లో గెయోర్గ్ సీలిగ్, డేవిడ్ సొలొవేచిక్, డేవిడ్ జాంగ్, ఎరిక్ విన్‌ఫ్రీ ఎంజైముల సాయం లేకుండా ఈ సూత్రంతోనే తర్కద్వారాలను కూర్చారు. 2011లో లులు చియాన్, విన్‌ఫ్రీ 130 పేటలతో నాలుగు ద్విసంఖ్యాంకాల సంఖ్యకు వర్గమూలం కట్టే వలయాన్ని ప్రకటించారు. సున్న నుంచి పదిహేను దాకా ఏ సంఖ్యనిచ్చినా జవాబు వస్తుంది. అయితే అందుకు చాలా గంటలు వేచి ఉండాలి.

ఈ వలయాల్లో నిర్మాతలను ఎక్కువగా వేధించింది తర్కం కాదు, లీకేజీ. జతగా ఉన్న పేటల అంచులు ఉష్ణచలనం వల్ల క్షణకాలం విడివడుతుంటాయి. ఆ సందులో పక్కనున్న పేట చొరబడితే, సంకేతం రాకుండానే ఫలితం బయటపడుతుంది. ఎవరూ నొక్కకుండానే మీట పడినట్లు ‘సున్న’ మెల్లమెల్లగా ‘ఒకటి’ వైపు జరుగుతుంది. చియాన్, విన్‌ఫ్రీ దీనికి విరుగుడుగా ప్రతి ద్వారానికీ ఒక ‘గడప’ కట్టారు. కొంత పరిమాణం దాకా వచ్చిన సంకేతాన్ని ఆ గడప అణువులే మింగేస్తాయి. దాన్ని దాటిన సంకేతమే లోపలికి వెళ్తుంది. కాగితంపై సత్యపట్టిక ఒప్పయినంత మాత్రాన వలయం ఒప్పు కాదనీ, తప్పుడు సంకేతాన్ని ఎంతవరకు సహించగలదన్నదే దాని గట్టిదనానికి కొలత అనీ ఈ అనుభవం తేల్చింది. కందిచేలోనూ ఇదే కొలత అక్కరకు వస్తుంది.

3. కణంలోని మీటలు

గాజునాళికలో కట్టిన వలయాలకు చాలా ముందే కణంలో వలయాలున్నట్లు తెలుసు. 1961లో ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మొనో ఒక బాక్టీరియా లాక్టోజును జీర్ణించుకొనే ఎంజైములను ఎప్పుడు తయారుచేస్తుందో, ఎప్పుడు చేయదో వివరించారు. డి.ఎన్.ఏ.పై ఒక చోట కూర్చుని జన్యువును పనిచేయనీయని నిరోధక ప్రోటీను ఉంటుంది. లాక్టోజు ఉన్నప్పుడు అది తప్పుకుంటుంది. ఇలాంటి నిరోధకాలను ఒకదానికొకటి తగిలిస్తే రకరకాల మీటలు తయారవుతాయని ఆ ఏడాదే వారు ఊహించారు. ఆ ఊహను కావాలని కట్టి చూపడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. మధ్యకాలంలో హరగోవింద్ ఖొరానా 1970లో ఒక జన్యువును పూర్తిగా రసాయనికంగా నిర్మించడం, అటుపై డి.ఎన్.ఏ.ను కోరినట్లు రాసి తెప్పించుకొనే వీలు కలగడం లేకపోతే ఏ వలయమూ లేదు.

2000 జనవరి నాటి ‘నేచర్’ సంచికలో రెండు వ్యాసాలు పక్కపక్కనే వెలువడ్డాయి. గార్డ్‌నర్, కాంటర్, కాలిన్స్ రెండు నిరోధకాలు ఒకదాన్నొకటి అణచుకొనే మీటను కట్టారు. ఎలోవిట్జ్, లైబ్లర్ మూడు నిరోధకాలు వలయాకారంగా ఒకదాన్నొకటి అణచుకొనే డోలకాన్ని కట్టారు. మన దేశంలో బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో యమునా కృష్ణన్ బృందం ఆమ్లత మారినప్పుడు ఆకారం మార్చుకొనే డి.ఎన్.ఏ. మీటను జీవకణాల లోపల పనిచేయించి 2009లో ప్రకటించింది.

కృత్రిమ జన్యువలయాల పుట్టుకగా సాధారణంగా 2000 నాటి ఈ రెండు వ్యాసాలనే పేర్కొంటారు. ఈ కాలక్రమం పూర్తిగా సరైనది కాదని అయిదో భాగంలో చర్చించడం జరిగింది.

4. కందిపువ్వులోని తర్కం

ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరులో ఏర్పడింది. మెట్ట పంటలపై పనిచేసే ఆ సంస్థకు కంది మొదటినుంచీ ప్రధానమైన పంట. కందిపువ్వులో పుప్పొడి, అండాశయం రెండూ ఉంటాయి. మామూలుగా అది తనను తానే ఫలదీకరించుకుంటుంది. తేనెటీగల వల్ల కొంత పరపరాగ సంపర్కం కూడా సహజంగానే జరుగుతుంది. రెండు భిన్నమైన రకాలను కలిపిన సంకరం దిగుబడిలో తల్లిదండ్రులను మించే అవకాశం ఉంది. అయితే ఎకరాలకు ఎకరాలు సంకర విత్తనం తయారుచేయాలంటే ప్రతి పువ్వులోనూ కేసరాలను చేత్తో తీసేయడం అయ్యే పని కాదు. పుప్పొడి ఇవ్వని మొక్క కావాలి. తేనెటీగలు పక్క వరుసలోని రకం నుంచి పుప్పొడి తెచ్చిపెడితే దాని కాయల్లో ఉండే గింజలన్నీ సంకర గింజలే.

ఇక్కడ భాషకు సంబంధించిన ఒక విషయం చెప్పుకోవాలి. కంది రైతుకు గొడ్డుపోయిన మొక్క అంటే భయం. నల్లి వల్ల వ్యాపించే వెర్రితెగులు సోకిన కంది ఆకు మీద ఆకు వేస్తూ పూత పూయకుండా నిలబడుతుంది. ఆ మొక్కను చూసి రైతు తలపట్టుకుంటాడు. ప్రజననశాస్త్రవేత్త మాత్రం వేల మొక్కల్లో ఏ ఒక్కటైనా పుప్పొడి లేనిది దొరుకుతుందా అని వెతికాడు. ‘వంధ్యత్వం’ అనే ఒకే మాట ఒకరికి నష్టం, మరొకరికి పనిముట్టు.

మొదట దొరికింది కేంద్రకంలోని ఒక జన్యువు వల్ల కలిగే పురుష వంధ్యత్వం. దాన్ని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1978లో ప్రచురించారు. ఆ మొక్కల పరాగకోశాలు పారదర్శకంగా ఉంటాయి. దాని ఆధారంగా రూపొందించిన ఐ.సి.పి.హెచ్. 8 అనే సంకరం 1991లో విడుదలైంది. వాణిజ్య స్థాయి సాగుకు విడుదలైన తొలి కంది సంకరం అదే. అయినా అది నిలదొక్కుకోలేదు. కారణం తర్కంలోనే ఉంది. ఆ వంధ్యత్వం అంతర్గత లక్షణం కాబట్టి, వంధ్య వరుసను నిలుపుకోవాలంటే జన్యువు ఒక ప్రతి మాత్రమే ఉన్న ఫలవంతమైన మొక్కతో కలపాలి. అప్పుడు సంతతిలో సగం వంధ్యాలు, సగం ఫలవంతాలు అవుతాయి. విత్తన క్షేత్రంలో ఆడ వరుసల్లోని ప్రతి మొక్కనూ పూత సమయంలో పరీక్షించి, మొగ్గ విప్పి, పరాగకోశాన్ని చూసి, సగం మొక్కలను పీకేయాలి. ఒక్కటి తప్పించుకున్నా దాని పుప్పొడి చుట్టూ చేరుతుంది. తర్కవలయం చేయవలసిన ఏరివేతను ఇక్కడ కూలీల చేతులు చేశాయి. అడిల్మన్ నాళికలో వారం పట్టిన ఏరివేతతో దీన్ని పోల్చడం అతిశయోక్తి కాదు. రెండింటిలోనూ అణువులు సగం పనే చేశాయి. మిగతా సగం మనిషి కన్ను, చేయి చేశాయి. ఆ ఖర్చును విత్తన సంస్థలు భరించలేకపోయాయి.

దీనికి పరిష్కారంగా వచ్చిందే కణద్రవ్య–కేంద్రక పురుష వంధ్యత్వం. ఇక్కడ నిర్ణయం రెండు అంశాల మీద ఆధారపడుతుంది. మొదటిది కణద్రవ్యంలోని మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. ఇది తల్లి నుంచి మాత్రమే సంక్రమిస్తుంది. రెండోది కేంద్రకంలోని పునరుద్ధారక జన్యువు. ఇది తల్లిదండ్రులిద్దరి నుంచీ రావచ్చు. వంధ్య కణద్రవ్యం ఉండి, పునరుద్ధారకం లేకపోతే మొక్క పుప్పొడి ఇవ్వదు. మిగిలిన మూడు కలయికల్లోనూ ఇస్తుంది. ‘ఇది ఉండి, అది లేకపోతే’ అనే తర్కద్వారానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ పంటపొలంలో దొరకడం కష్టం.

ఈ ద్వారంతో మూడు వరుసల విత్తన వ్యవస్థ కుదురుతుంది. వంధ్య కణద్రవ్యమున్న ‘ఎ’ వరుసకు, కేంద్రకం విషయంలో దానికి కవలైనా మామూలు కణద్రవ్యమున్న ‘బి’ వరుస పుప్పొడినిస్తే పుట్టేవన్నీ మళ్ళీ ‘ఎ’లే. వాటిలో సగం పీకేయవలసిన పని లేదు. అదే ‘ఎ’ వరుసకు పునరుద్ధారకమున్న ‘ఆర్’ వరుస పుప్పొడినిస్తే పుట్టే సంకరం పుప్పొడినిస్తుంది, రైతు పొలంలో కాయలు కాస్తుంది. ఒకే ద్వారానికి రెండు వేర్వేరు సంకేతాలిచ్చి రెండు వేర్వేరు ఫలితాలు రాబట్టడమంటే ఇదే.

ఈ వంధ్య కణద్రవ్యాన్ని కందికి అడవి బంధువుల నుంచి తేవలసి వచ్చింది. కజానస్ స్కారబాయిడిస్ నుంచి తెచ్చిన కణద్రవ్యంతో గుజరాత్‌లో 2004లో ఒక సంకరం విడుదలైంది. ఇక్రిశాట్‌లో కె.బి. సక్సేనా బృందం కజానస్ కజానిఫోలియస్ అనే అడవి జాతిని ఆడమొక్కగా వాడి సాధించిన ‘ఎ4’ వ్యవస్థను 2005లో ప్రచురించింది. ఒడిశా, బస్తర్ కొండల్లో పెరిగే ఈ జాతినే సాగుకందికి మూలజాతిగా శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ‘ఎ4’ ఆధారంగా వచ్చిన ఐ.సి.పి.హెచ్. 2671ను 2010లో మధ్యప్రదేశ్‌లో సాగుకు విడుదల చేశారు. అది ప్రచలిత రకాలను 40 శాతానికి పైగా మించిందని ఇక్రిశాట్ ప్రచురించిన ఫలితాలు చెబుతున్నాయి. ఐ.సి.పి.హెచ్. 2740 తెలంగాణలో ‘మన్నెంకొండ కంది’ పేరుతో 2015లో విడుదలైంది.

ఈ వ్యవస్థ పనిచేసిన తరవాతే అది ఎలా పనిచేస్తుందో తెలియడం గమనార్హం. కంది జన్యుపటాన్ని రాజీవ్ వర్ష్నే నాయకత్వంలోని బృందం 2011లో ప్రకటించింది. ‘ఎ4’ వంధ్య వరుస మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. క్రమం 2013లో వెలువడింది. 2015లో ఆ వంధ్య వరుసలో ‘నాడ్7ఎ’ అనే మైటోకాండ్రియా జన్యువులో పది క్షారాలు లోపించాయనీ, కవలైన ‘బి’ వరుసలో అవి ఉన్నాయనీ గుర్తించారు. ఆ పది క్షారాల లోటే ఇప్పుడు విత్తన స్వచ్ఛతకు పరీక్షగా పనికివస్తున్నది. కాల్టెక్ వలయాన్ని ముందు గీసి, తరవాత కట్టారు. పటాన్‌చెరు వలయాన్ని ముందు కట్టి, తరవాత చదివారు. మొదటిది రూపకల్పన, రెండోది కూర్పు. ఈ తేడాను విస్మరించి రెండింటినీ ఒకటే అనడం సరికాదు. అలాగని రెండో దాన్ని వలయమే కాదనడం చరిత్రను కుదించడమే అవుతుంది.

లీకేజీ ఇక్కడా ఉంది. కొన్ని అడవి కణద్రవ్యాల నుంచి వచ్చిన వంధ్య వరుసలు చలికి పుప్పొడి ఇవ్వసాగాయి. సంకేతం మారకుండానే మీట పడిపోయినట్లయింది. దాన్ని లోపంగా వదిలేయకుండా సక్సేనా 2014లో మరో వైపు నుంచి చూపారు. 25 డిగ్రీల సెల్సియస్, ఆపైన వంధ్యంగా, 24 డిగ్రీలు, అంతకు తక్కువలో ఫలవంతంగా ఉండే కందిని ప్రకటించారు. అప్పుడు ‘బి’ వరుస అవసరమే ఉండదు. చల్లని కాలంలో విత్తనం పెంచుకోవచ్చు, వేడి కాలంలో సంకరం చేసుకోవచ్చు. 2000 నాటి గార్డ్‌నర్ మీటను ఒక దిశలో తిప్పింది వేడిమే కావడం యాదృచ్ఛికం. అయినా రెండు చోట్లా తర్కం ఒకటే. సంకర చేనులో కల్తీ మొక్కలను కంటితో పట్టడానికి ఆడ వరుసలకు హృదయాకారపు ఆకు లక్షణాన్ని చేర్చడం మరో ఉపాయం. అది అంతర్గత లక్షణం. సంకరమైతే మామూలు ఆకు వస్తుంది. హృదయాకారపు ఆకు కనిపిస్తే ఆ మొక్క సంకరం కానట్లే. ఫలితాన్ని చూపే దీపం ఆకులోనే వెలుగుతుంది.

5. 1998: మీట ఎవరి చేతిలో?

1998 మార్చి 3న అమెరికా పేటెంటు కార్యాలయం ‘మొక్కలలో జన్యు వ్యక్తీకరణ నియంత్రణ’ అనే అర్థం గల శీర్షికతో 5,723,765 సంఖ్యగల పేటెంటును మంజూరు చేసింది. హక్కుదారులు డెల్టా అండ్ పైన్ ల్యాండ్ అనే పత్తి విత్తన సంస్థ, అమెరికా వ్యవసాయ శాఖ. దీనికి ‘టెర్మినేటర్’ అని పేరుపెట్టింది ర్యాఫీ అనే కెనడా స్వచ్ఛంద సంస్థ. తెలుగులో ‘అంతక విత్తనం’ అనడం అర్థానికి సరిపోతుంది. పేటెంటు పత్రాన్ని ఉద్యమ పత్రంగా కాక వలయ పటంగా చదివితే దాని స్థానం తెలుస్తుంది.

అందులో మూడు జన్యువులున్నాయి. మొదటిది కణంలో ప్రోటీను తయారీని ఆపేసే విషం. గింజ ముదిరే చివరి దశలో మాత్రమే పనిచేసే ప్రమోటరు కింద దాన్ని ఉంచి, రెండింటి మధ్య ఒక అడ్డుముక్క పెట్టారు. రెండోది ఆ అడ్డుముక్కను కత్తిరించే ఎంజైము. మూడోది ఆ ఎంజైమును తయారుకానీయని నిరోధకం. విత్తన సంస్థ అమ్మేముందు గింజలను టెట్రాసైక్లిన్‌లో నానబెడితే నిరోధకం తప్పుకుంటుంది. కత్తెర తయారై అడ్డుముక్కను తీసేస్తుంది. రైతు విత్తితే మొక్క మామూలుగా పెరుగుతుంది, పంటనిస్తుంది. ఆ పంటలోని గింజలు ముదిరేటప్పుడు విషం పనిచేసి లోపలి పిండం చనిపోతుంది. గింజ తినడానికి పనికొస్తుంది, విత్తడానికి పనికిరాదు. ఒకసారి ఇచ్చిన సంకేతాన్ని డి.ఎన్.ఏ.లోనే గుర్తుంచుకొని నెలల తరవాత, మరొక దశలో అమలుచేసే జ్ఞాపకం గల వలయమిది. దీని దరఖాస్తు 1995 నాటిది. ఎలోవిట్జ్, లైబ్లర్ 2000లో డోలకానికి వాడిన మూడు నిరోధకాల్లో ఒకటి ఈ టెట్రాసైక్లిన్ నిరోధకమే. కృత్రిమ జన్యువలయాల తొలి రూపకల్పనల్లో ఒకటి విశ్వవిద్యాలయ పత్రికలో కాక విత్తన వ్యాపార పేటెంటులో కనిపిస్తుందన్న సంగతిని ఈ రంగపు చరిత్రల్లో తరచూ దాటవేయడం సమంజసం కాదు.

ఈ వార్త మన దేశానికి చేరిన కాలం గమనించదగినది. 1997–98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు జరిగాయి. ఆ ఏడాది చివర కర్ణాటకలో రైతు సంఘం బీటీ పత్తి పరీక్ష పొలాలను తగులబెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆందోళన చెలరేగింది. ఆ బీటీ పత్తిలో అంతక వలయం లేదు. అది అప్పటికి కాగితం మీదే ఉంది, నేటికీ వాణిజ్యపరంగా ఎక్కడా విడుదల కాలేదు. ఆందోళనకారులు రెండింటినీ కలిపేయడం శాస్త్రీయంగా పొరపాటే. అయితే వారు అడిగిన ప్రశ్న పొరపాటు కాదు. మొక్క మొలవాలా వద్దా అనే మీట ఎవరి చేతిలో ఉండాలన్నదే ఆ ప్రశ్న. 1999 అక్టోబరులో మాన్‌శాంటో ఈ పద్ధతిని వాణిజ్యపరంగా వాడబోమని ప్రకటించింది. 2000లో జీవవైవిధ్య ఒప్పంద దేశాల సమావేశం క్షేత్ర పరీక్షలకు అనుమతి ఇవ్వవద్దని సూచించింది. భారత పార్లమెంటు చేసిన 2001 నాటి వృక్షరకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ఇంకొక అడుగు వేసింది. రకం నమోదు కోరేవారు తమ విత్తనంలో అంతక సాంకేతికతకు చెందిన జన్యువరుస ఏదీ లేదని 18వ సెక్షన్ కింద ప్రమాణపత్రం ఇవ్వాలి. 29వ సెక్షన్ అలాంటి రకాల నమోదును నిషేధిస్తుంది. 39వ సెక్షన్ పండిన గింజను దాచుకొని, విత్తి, ఇచ్చిపుచ్చుకొని, బ్రాండు పేరు లేకుండా అమ్ముకొనే హక్కును రైతుకు గుర్తిస్తుంది. ఒక డి.ఎన్.ఏ. వలయాన్ని పేరుపెట్టి నిషేధించిన చట్టంగా దీన్ని చదవవచ్చు.

కంది సంకరం అంతక విత్తనం కాదు. దాని పంటలోని గింజ మొలుస్తుంది. అయితే ఆ గింజల్లో వలయం మళ్ళీ మొదటినుంచి లెక్క మొదలుపెడుతుంది. రెండో తరం మొక్కలన్నింటికీ వంధ్య కణద్రవ్యం తల్లి నుంచి వస్తుంది. పునరుద్ధారకం మాత్రం అందరికీ రాదు. దాన్ని శాసించేది ఒకే జన్యువైతే నాలుగింట ఒక మొక్క, ఒకదానికొకటి బదులుగా పనిచేయగల రెండు జన్యువులైతే పదహారింట ఒక మొక్క పుప్పొడి లేకుండా వస్తుంది. తక్కినవాటిలోనూ దిగుబడి, ఎత్తు, పూతకాలం చెదిరిపోతాయి. కాబట్టి రైతు ఏటా కొత్త విత్తనం కొనవలసి వస్తుంది. చట్టం ఇచ్చిన దాచుకొనే హక్కు ఇక్కడ చెక్కుచెదరదు, దాచుకున్నదాని విలువ తగ్గుతుంది. అధిక దిగుబడి ఈ ఖర్చును పూడ్చే చోట సంకరం రైతుకు లాభమే. వర్షాధారపు భూమిలో, వాన తప్పిన ఏడాది, కొన్న విత్తనం మొత్తం నష్టంలోకి పోయే చోట లెక్క మారుతుంది.

6. యాలాల్: పేరుపై హక్కు

వికారాబాద్ జిల్లాలోని యాలాల్ మండలం తాండూరుకు ఆనుకొని ఉంది. నేల కింద సున్నపురాయి, పైన లోతైన నల్లరేగడి. పరచుకొనే నాపరాళ్ళకు, కందిపప్పుకు తాండూరు పేరు ఒకేలా ప్రసిద్ధం. అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం కందిపై పనిచేస్తున్నది. ఈ ప్రాంతపు కందికి భౌగోళిక సూచిక కోరుతూ చెన్నైలోని నమోదు కార్యాలయానికి దరఖాస్తు చేసింది ప్రభుత్వ శాఖ కాదు, పెద్ద మిల్లూ కాదు, యాలాల్ రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. 2022 డిసెంబరులో ఆ గుర్తింపు లభించింది. 22 నుంచి 24 శాతం మాంసకృత్తులు, నల్లరేగడిలోని అట్టపల్గైట్ అనే బంకమట్టి ఖనిజం, సున్నపురాతి నిక్షేపాలు తాండూరు కంది ప్రత్యేకతలుగా నమోదయ్యాయి.

ఈ హక్కు స్వభావం పేటెంటుకు భిన్నమైనది. పేటెంటును అమ్మవచ్చు, బదిలీ చేయవచ్చు. డెల్టా అండ్ పైన్ ల్యాండ్ కంపెనీనే మాన్‌శాంటో 2007లో కొనుగోలు చేసినప్పుడు దాని హక్కులూ చేతులు మారాయి. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం 24వ సెక్షన్ ప్రకారం భౌగోళిక సూచికను ఎవరూ ఎవరికీ బదిలీ చేయడానికి, తనఖా పెట్టడానికి వీల్లేదు. ఆ పేరును వాడుకొనే అధీకృత వినియోగదారులుగా నమోదయ్యే అవకాశం ఆ ప్రాంతపు ఉత్పత్తిదారులందరికీ ఉంటుంది. పేటెంటు వలయాన్ని అణువులో బిగించి దాని మీటను ఒకే చేతికిస్తే, భౌగోళిక సూచిక గింజ లోపల ఏ మార్పూ చేయకుండా మార్కెట్‌లోని పేరును ఊరి చేతికిస్తుంది. యాలాల్ రైతులు నియంత్రణను వదులుకోలేదు, దాన్ని మరో చోట పెట్టుకున్నారు.

ఇందులో చిక్కు లేకపోలేదు. నియంత్రణ అణువులో ఉంటే దాన్ని అణుపరీక్ష పట్టుకుంటుంది. ‘నాడ్7ఎ’లోని పది క్షారాల లోటు ఉందో లేదో చూసి, ‘ఎ’ వరుస విత్తన సంచిలో ‘బి’ గింజలు కలిశాయా అన్నది ప్రయోగశాలలో తేల్చవచ్చు. ‘తాండూరు కంది’ అని ముద్రించిన పప్పు సంచి విషయంలో ఆ వీలు లేదు. అదే రకాన్ని మరో జిల్లాలో పండించినా డి.ఎన్.ఏ. మారదు. ఆ పప్పు ఏ నేలలో పండిందో తెలుసుకోవాలంటే అధీకృత వినియోగదారుల పట్టికనూ, కొనుగోలు రసీదులనూ, సంచి మీది చిరునామానూ సరిచూడవలసిందే. ఆ పని ఇప్పుడు తాండూరు మార్కెట్ యార్డులో, పప్పు మిల్లుల్లో, యాలాల్ కంపెనీ ఖాతాపుస్తకాల్లో జరగవలసి ఉంది.